కస్టడీ కేసుల్లో తండ్రి స్థానం



భార్యాభర్తలు విడిపోయి, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న గొడవ కోర్టుకెక్కినప్పుడు తండ్రుల నోట ఎక్కువగా వినబడే మాటలు రెండు. ఫ్యామిలీ కోర్టు కేసులు చూసే న్యాయవాదిగా ఆ రెండూ నాకు కంఠతా వచ్చేశాయి. "చట్టప్రకారం గార్డియన్ని నేనే కదండీ, నా కొడుకుని నాకు ఇప్పించేయండి" అన్నది ఒకటి. "మగాడికి కోర్టులో న్యాయం జరగదటండీ, కేసు వేసినా దండగే" అన్నది ఇంకొకటి. రెండూ నిజం కాదు. మొదటిది నమ్మినవాళ్లు స్కూలు గేటు దగ్గర కాపు కాసి పిల్లాణ్ణి బండెక్కించుకుని వచ్చేస్తారు, ఆ తర్వాత ఏ కోర్టులో నిలబడ్డా ఆ పని వాళ్లకు అడ్డం తిరుగుతుంది. రెండోది నమ్మినవాళ్లు ఏడాదో రెండేళ్లో ఊరుకుని, పెద్దమనుషుల పంచాయితీల్లో కాలం గడిపి, అప్పుడు లాయరు దగ్గరికి వస్తారు. ఈలోగా రెండేళ్ల బిడ్డకు నాలుగేళ్లొస్తాయి. నాన్న ఎదురుపడితే అమ్మ కొంగు పట్టుకుని వెనక్కి నక్కుతుంది. ఏ తండ్రికీ ఆ రోజు రాకూడదన్న ఆరాటంతోనే ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

ముందు చట్టం సంగతి. హిందువులకు 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఉంది. మైనరు బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి అని దాని 6వ సెక్షన్ చెబుతుంది. చదవగానే తండ్రిదే పైచేయి అనిపిస్తుంది. అదే సెక్షన్‌లో అయిదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలని కూడా రాసి ఉంది. ఇక 13వ సెక్షన్‌కి వస్తే, అన్నిటికన్నా పైన చూడాల్సింది బిడ్డ క్షేమమే అని తేల్చేసింది. ఆ క్షేమం ముందు తండ్రి హక్కయినా తల్లి హక్కయినా తలవంచాల్సిందే. తండ్రి తర్వాత తల్లి అన్న మాటను కూడా సుప్రీంకోర్టు 1999లో రచయిత్రి గీతా హరిహరన్ కేసులో సరిచేసింది. కొడుకు పేరు మీద రిజర్వ్ బ్యాంకు బాండ్లు తీసుకోబోతే తండ్రి సంతకం కావాలన్నారని ఆమె కోర్టుకు వెళ్లారు. తండ్రి బతికున్నా బిడ్డ ఆలనాపాలనా చూడని స్థితిలో ఉంటే తల్లే సహజ సంరక్షకురాలు అవుతుందని అప్పుడు తేలింది. పెళ్లి కాని తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డకయితే ఆ చట్టంలోనే తల్లి ముందు, తండ్రి తర్వాత.

ముస్లిం కుటుంబాల్లో హనఫీ సంప్రదాయం ప్రకారం మగపిల్లాడు ఏడేళ్లు వచ్చేదాకా, ఆడపిల్ల ఈడేరేదాకా తల్లి దగ్గర పెరగడం, సంరక్షకత్వం తండ్రిది కావడం ఆనవాయితీ. ఏ మతం వాళ్లయినా పిల్లల కోసం కోర్టుకు వెళ్లే దారి మాత్రం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. మన కోర్టుల్లో జీడబ్ల్యూఓపీ అని పిలిచేది ఈ చట్టం కింద వేసే పిటిషన్‌నే. అక్కడ కూడా కొలబద్ద బిడ్డ క్షేమమే.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. "అయిదేళ్లు నిండగానే బాబు నాకొచ్చేస్తాడట కదండీ" అని అడుగుతుంటారు. రాడు. అయిదేళ్లలోపు బిడ్డ తల్లి దగ్గర ఉండడం మామూలు అని చట్టం అంటోందే తప్ప, అయిదో పుట్టినరోజు దాటిన మర్నాడు తండ్రికి అప్పగించమని ఎక్కడా అనలేదు. అప్పటికి బిడ్డ ఎవరి దగ్గర కుదురుకుంది, ఏ బడిలో చదువుతోంది, ఎవరు అన్నం పెడుతున్నారు, ఇవన్నీ జడ్జి చూస్తారు. కుదురుగా ఉన్న బిడ్డను కదిలించడానికి ఏ జడ్జికీ మనసొప్పదు. అందుకే కాలం గడిచేకొద్దీ దూరంగా ఉన్న తండ్రి కేసు బలహీనపడుతూ పోతుంది. మూడేళ్ల తర్వాత చేసే గొప్ప వాదన కన్నా మొదటి నెలలో వేసే చిన్న అర్జీ ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

కోర్టు అసలేం చూస్తుందో ఒక తండ్రి క్రాస్ ఎగ్జామినేషన్ చెబితే తెలుస్తుంది. ఊరూ పేరూ వద్దు. మంచి ఉద్యోగం, సొంత ఫ్లాట్, బోనులో నిబ్బరంగా నిలబడ్డాడు. అవతలి లాయరు ఆస్తుల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పాప క్లాస్ టీచర్ పేరేంటండీ అని అడిగారు. తెలియదు. ఆఖరిసారి వేయించిన టీకా ఏది? తెలియదు. పాపకు ఏ మందు పడదు? ఆయన తల దించుకున్నాడు. మీరు ఆఫీసుకు వెళ్తే పాపను ఎవరు చూస్తారని అడిగితే, "మా అమ్మ చూసుకుంటుంది" అన్నాడు. ఆ అమ్మకు డెబ్భై దాటాయని మరో ప్రశ్నతో తేలింది. ఆ మనిషికి కూతురంటే ప్రాణం. అందులో నాకే సందేహమూ లేదు. అయితే జడ్జిగారి ముందున్న కాగితాల్లో ఆ ప్రేమకు ఆనవాలు లేదు.

అందుకని కస్టడీ అడిగే ప్రతి తండ్రికీ నేను చెప్పేది ఇదే. పిల్లల పని చేయండి. వ్యాక్సిన్ కార్డు మీ దగ్గరా ఒక కాపీ ఉండాలి. పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లి రిజిస్టరులో సంతకం పెట్టండి. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది మీరే అయితే ఆ చీటీ దాచండి. స్కూలు ఫీజు మీ ఖాతా నుంచి కట్టండి. కోర్టు కోసమని చేయమనడం లేదు, రోజూ చేసేవాడికి ఇవన్నీ వాటంతటవే పోగవుతాయి. విడిపోకముందు ఇవేవీ చేయని తండ్రి విడిపోయాకయినా మొదలుపెట్టవచ్చు. దాన్ని కూడా కోర్టు గమనిస్తుంది.

ఒకవేళ పిల్లలు తల్లి దగ్గరే ఉండాలని ఉత్తర్వు వచ్చినా తండ్రి కథ ముగిసిపోదు. చూసే హక్కు, మనవాళ్లు విజిటేషన్ అనేది, ఉంటుంది. ఇది తండ్రి మీద జాలితో ఇచ్చేది కాదు. ఇద్దరి ప్రేమా పొందడం బిడ్డ హక్కు అని సుప్రీంకోర్టు 2020లో ఒక కేసులో స్పష్టంగా చెప్పింది. తల్లీ తండ్రీ వేర్వేరు రాష్ట్రాల్లోనో దేశాల్లోనో ఉంటే వారాంతాలు కుదరవు కాబట్టి పండగలకూ సెలవులకూ ఏర్పాటు ఉండాలంది. కస్టడీ దక్కని వాళ్లకు మామూలుగా రోజూ అయిదు పది నిమిషాలు బిడ్డతో మాట్లాడే అవకాశం ఉండాలనీ, వీడియో కాల్ కూడా అందుకు వాడుకోవచ్చనీ అదే తీర్పులో ఉంది. మీ అర్జీలో ఈ రోజువారీ ఫోను సంగతి తప్పకుండా అడగండి. చాలామంది శనివారాల గురించి పోట్లాడి దీన్ని మరిచిపోతారు. రోజూ రాత్రి పడుకోబోయే ముందు వినబడే గొంతుతో పెరిగిన బిడ్డ నాన్నను చూసి బెదిరిపోదు.

శనివారాలంటే గుర్తొచ్చింది. కోర్టు ఆవరణలో పిల్లల్ని చూసే గది ఎప్పుడైనా చూశారా? గోడల మీద వెలిసిపోయిన బొమ్మలు, ఓ మూల చక్రం ఊడిన సైకిలు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. తండ్రి అరగంట ముందే వచ్చి, చేతిలో బిస్కెట్ పొట్లం, కొత్త గౌను ఉన్న కవరు పట్టుకుని తలుపు వైపే చూస్తుంటాడు. తల్లి వస్తుంది, వెంట తాతగారో మేనమామో ఉంటారు. రిజిస్టరులో సంతకాలవుతాయి. బిడ్డ మొదటి పావుగంట ఎవరి దగ్గరికీ పోదు. మెల్లగా గౌను చూస్తుంది, బిస్కెట్ అందుకుంటుంది, ఒళ్లో కూర్చుంటుంది. అంతలో టైమైపోయిందని కేక. అందరి ఎదుటా, నల్లకోట్ల మధ్య, వారానికో పక్షానికో రెండు గంటలు. ఇది నాన్నతో గడపడం అనిపించుకోదు. తెగిపోయిన బంధాన్ని మళ్లీ అతకడానికి మొదటి ఒకటి రెండు నెలలు ఈ గది పనికొస్తుంది. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి అక్కడే కలవమనడం అన్యాయం. రెండు నెలలు సవ్యంగా జరిగితే, ఆ రిజిస్టరు నకలు జతచేసి, ఇంటికి తీసుకెళ్లేందుకు, రాత్రి ఉంచుకునేందుకు అనుమతి కోరుతూ మళ్లీ అర్జీ వేయాలి. కస్టడీ ఉత్తర్వులు శిలాశాసనాలు కావని, పరిస్థితులు మారితే మార్చవచ్చని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది.

అర్జీ అంటే ఏమిటో కాస్త చెబుతాను. విడాకుల కేసు నడుస్తుంటే హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద, విడిగా జీడబ్ల్యూఓపీ వేస్తే గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 12వ సెక్షన్ కింద, కేసు తేలేలోగా బిడ్డను చూసేందుకు మధ్యంతర ఉత్తర్వు అడగవచ్చు. మన భాషలో ఐఏ వేయడం. అసలు పిటిషన్‌తో పాటే ఐఏ కూడా వేయమని మీ లాయరుగారిని గట్టిగా అడగండి. అవతలివాళ్లు గృహహింస కేసు వేస్తే, ఆ చట్టం 21వ సెక్షన్‌లోనే తండ్రి పిల్లల్ని చూసే ఏర్పాటు ప్రస్తావన ఉంది, దాన్నీ వాడుకోవచ్చు. జీడబ్ల్యూఓపీ వేయాల్సింది బిడ్డ మామూలుగా నివసించే చోటి కోర్టులో. మీ ఇల్లు వరంగల్లో ఉండి, తల్లీ బిడ్డా రెండేళ్లుగా గుంటూరులో ఉంటుంటే గుంటూరు వెళ్లాల్సిందే. లాయరు ఖర్చు భరించలేని వాళ్లకు, ఆదాయం పరిమితిలోపు ఉంటే, న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోను నంబరు 15100.

డబ్బు గురించి కటువుగా ఒక మాట చెప్పాలి. "బిడ్డను చూపించనప్పుడు మెయింటెనెన్స్ ఎందుకివ్వాలి" అంటారు కొందరు తండ్రులు. "మెయింటెనెన్స్ ఇవ్వనివాడికి బిడ్డనెందుకు చూపించాలి" అంటారు కొందరు తల్లులు. ఈ రెంటికీ ముడిపెట్టకూడదు. బిడ్డ తిండికీ చదువుకీ అయ్యే ఖర్చు బిడ్డది. చూడనివ్వలేదని అది ఆపేసిన తండ్రి, తన కేసును తన చేతులతోనే కాలరాసుకుంటున్నాడు. నెలనెలా తేదీ తప్పకుండా బ్యాంకు ద్వారా పంపండి. చేతికివ్వకండి. చూడనివ్వకపోతే దానికి వేరే దారుంది. చెప్పిన టైముకు చెప్పిన చోటికి వెళ్లండి, బిడ్డను తీసుకురాకపోతే అక్కడి నుంచే మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి, ప్రతిసారీ నమోదు చేసుకోండి, వాయిదా రోజున కోర్టు ముందు పెట్టండి. ఉత్తర్వును అమలు చేయించమని అడగవచ్చు, పదే పదే ధిక్కరిస్తే కోర్టు ధిక్కార పిటిషన్ కూడా ఉంది. తల్లి ఇంటి ముందు నిలబడి కేకలు వేసిన తండ్రి మాత్రం ఆ ఒక్క రోజుతో ఏడాది శ్రమ పోగొట్టుకుంటాడు.

తండ్రులకు కస్టడీ దక్కిన కేసులు లేవా అంటే ఉన్నాయి. 2019లో మహారాష్ట్ర నుంచి వచ్చిన కేసులో, గర్భంతో ఉండగా క్యాన్సర్ బయటపడిన ఒక తల్లి బిడ్డను కన్నాక కొంతకాలానికి చనిపోయింది. పసిబిడ్డ తల్లి తోబుట్టువుల దగ్గర ఉండిపోయింది. బిడ్డను కోర్టు ముందు హాజరుపరచాలని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్‌ను తండ్రి వేస్తే బాంబే హైకోర్టు బిడ్డను ఆయనకే అప్పగించమంది, సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. కళ్లలో పెట్టుకుని పెంచిన పిన్ని ప్రేమను కోర్టు తక్కువ చేయలేదు, అయినా తండ్రి ఉండగా, అతని మీద ఏ దోషమూ లేనప్పుడు, బిడ్డ తండ్రికి దూరం కాకూడదంది. దీనికి భిన్నంగా 2010లో మరో కేసులో తల్లి చనిపోయి, తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాక, అలవాటు పడిన తాతగారి దగ్గరే బిడ్డను ఉంచి తండ్రికి చూసే హక్కు మాత్రమే ఇచ్చారు. 2024లో సైన్యంలో పనిచేసే తండ్రికి ఇద్దరు పిల్లల కస్టడీ ఇచ్చిన ఫ్యామిలీ కోర్టు ఉత్తర్వును సుప్రీంకోర్టు పునరుద్ధరించింది. పిల్లలు తండ్రి దగ్గరే ఉంటామని స్పష్టంగా చెప్పడం అందులో బాగా పనిచేసింది. పిల్లల మనసు విరిచేశారన్న ఆరోపణను ఏ ఒక్కరి మీదా తొందరపడి అంటగట్టకూడదని, ఎవరు ఏం చేశారో విడివిడిగా చూడాలని ఆ తీర్పు హెచ్చరించింది.

2025లో కేరళ కేసు ఒకటి చాలామందిని ఆలోచనలో పడేసింది. సింగపూర్లో ఉద్యోగం చేసే తండ్రికి ఎనిమిదేళ్ల కూతురు నెలకు పదిహేను రోజులు దగ్గర ఉండేలా హైకోర్టు ఏర్పాటు చేసింది. ఆయన తిరువనంతపురంలో ఇల్లు అద్దెకు తీసుకుని వచ్చి వెళ్లేవాడు. సుప్రీంకోర్టు ఆ పదిహేను రోజులూ తగ్గించేసింది. ఆ రోజుల్లో పాపకు ఇంటి భోజనం లేదు, హోటల్ తిండే. తండ్రి తప్ప తోడు లేదు. చిన్న తమ్ముడు తల్లి దగ్గర ఉండిపోయాడు. విమానాలెక్కి వచ్చిన ఆ తండ్రి ఆరాటం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అయినా కోర్టు చూపిన కారణం న్యాయమైనదే అంటాను. వంటిల్లు మగాడి పని కాదని పెంచిన సమాజం మనది, ఆ పెంపకం ఇప్పుడు కోర్టులో తండ్రులకే ఎదురు తిరుగుతోంది. పప్పన్నం వండడం, ఆడపిల్లకు జడ వేయడం వచ్చిన తండ్రి ధైర్యంగా నిలబడగలడు.

అన్ని ఇళ్లూ ఒకలాంటివి కావు. కొట్టే తండ్రి, తాగొచ్చి బిడ్డ ముందే తల్లిని హింసించే తండ్రి ఉన్నాడు. అలాంటి చోట తల్లి భయం నిజమైనది, బిడ్డ భయం ఇంకా నిజమైనది. ఎవరో ఒకరు పక్కన ఉండగానే కలవాలని, అవసరమైతే అసలు కలవకూడదని కోర్టు ఆదేశిస్తే దాన్ని తండ్రుల మీద కక్షగా చూడకూడదు. అదే సమయంలో క్రిమినల్ కేసు నమోదైందన్న ఒక్క కారణంతో, ఏ హింసా రుజువు కాకుండా, బిడ్డను పూర్తిగా దూరం చేయడమూ సరికాదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ల సంగతి వేరు. అమెరికాలో పుట్టిన పిల్లల్ని సెలవులకని హైదరాబాదో విజయవాడో తీసుకొచ్చి ఇక వెనక్కి పంపకపోవడం మన ఇళ్లల్లో జరుగుతూనే ఉంది. ఇలా పిల్లల్ని దేశం దాటించే సమస్యపై 1980లో కుదిరిన హేగ్ ఒప్పందంలో భారతదేశం చేరలేదు. కాబట్టి అక్కడి కోర్టు ఉత్తర్వు ఇక్కడ దానంతటది అమలు కాదు. విదేశీ కోర్టు ఉత్తర్వును ఒక అంశంగానే చూడాలని, బిడ్డ క్షేమమే ముఖ్యమని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో మాత్రం హైదరాబాదులో పెళ్లయి అమెరికాలో స్థిరపడిన తెలుగు దంపతుల కేసులో, అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్లల్ని తిరిగి అక్కడికే తీసుకెళ్లాలని, కస్టడీ అక్కడి కోర్టే తేల్చాలని ఆదేశించింది. ఈ కేసుల్లో కూడా ఆలస్యమే శత్రువు. బిడ్డ ఇక్కడి బడిలో చేరి, తెలుగులో మాట్లాడుతూ, అమ్మమ్మ ఇంట్లో రెండేళ్లు గడిపేశాక ఏ కోర్టయినా ఆలోచిస్తుంది.

2015లో జస్టిస్ ఏ.పీ. షా అధ్యక్షతన లా కమిషన్ తన 257వ నివేదికలో తల్లిదండ్రులిద్దరికీ సంరక్షకత్వంలో సమాన స్థానం ఇవ్వాలని, ఉమ్మడి కస్టడీకి చట్టంలో చోటు ఉండాలని సిఫారసు చేసింది. ఆ దిశగా చట్టం ఇంతవరకు రాలేదు. రావాలని నేను బలంగా కోరుకుంటున్నాను. కాగితం మీద తండ్రిని ముందు పెట్టి, ఆచరణలో రెండు గంటల శనివారంతో సరిపెట్టే పద్ధతి తల్లికీ మేలు చేయదు, బిడ్డకీ చేయదు. తల్లి మీద మొత్తం భారం పడుతుంది, తండ్రి అతిథిగా మారిపోతాడు.

చట్టం వచ్చేలోగా ఇద్దరూ కూర్చుని రాసుకునే రాజీ పత్రమే దిక్కు. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకునేటప్పుడు త్వరగా తెగిపోతే చాలని "బిడ్డ మీద నాకే హక్కూ అక్కర్లేదు" అని సంతకం పెట్టేసే తండ్రులున్నారు. దయచేసి పెట్టకండి. సంక్రాంతి ఒక ఏడాది అక్కడ, ఒక ఏడాది ఇక్కడ. పుట్టినరోజు సాయంత్రం ఎవరి దగ్గర. స్కూలు మార్కులు ఇద్దరికీ రావాలి. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండాలి, విదేశం తీసుకెళ్లాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. ఫోను ఏ టైముకు. అన్నీ తేదీలతో, గంటలతో రాయించండి. "వీలునుబట్టి చూపించబడును" అన్న వాక్యం రాజీ పత్రంలో కనబడితే కొట్టేయించండి, ఆ వీలు ఎప్పటికీ రాదు.

చివరగా వేసవి సెలవుల సంగతి. ఏప్రిల్ నెలాఖరుకు బడులు మూసేస్తారు, జూన్ రెండో వారంలో గానీ తెరవరు. బిడ్డతో పది పదిహేను రోజులు వరుసగా గడపడానికి తండ్రులకు ఏడాదిలో దొరికే పెద్ద అవకాశం ఇదే. మే నెలలో కోర్టులకూ వేసవి సెలవులు. ఏప్రిల్ చివర్లో ఐఏ వేస్తే నోటీసు వెళ్లి, అవతలివాళ్లు కౌంటరు వేసి, వాదనలు పూర్తయ్యేసరికి బడులు తెరిచేస్తారు. అందుకని మార్చి మొదటి వారంలోనే మీ లాయరును కలవండి. బిడ్డను ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ ఊళ్లో, ఎవరి ఇంట్లో ఉంచుతారు, ఆ రోజుల్లో మీరు సెలవు పెట్టారా, రోజూ ఏ టైముకు తల్లితో మాట్లాడిస్తారు, ఇవన్నీ అర్జీలోనే రాయించండి. సెలవు మంజూరైన కాగితం జతచేయండి.